వేరే బ్యాండ్లవాళ్లు కలిసి పెట్టిన రాక్ సూపర్‌గ్రూపులు: మీ ఓటు దేనికి, ఎందుకు?

పాతక్యాసెట్:
వేర్వేరు బ్యాండ్లలో అప్పటికే పేరు తెచ్చుకున్నవాళ్లు కలిసి పెట్టిన రాక్ బ్యాండ్లలో మీకు బాగా నచ్చింది ఏదో చెప్పండి. పేరు రాసి వెళ్లిపోకుండా కారణం కూడా రాయాలి. ఒక షరతు. ఒకే బ్యాండ్ నుంచి ముగ్గురు వచ్చి, పాడేవాణ్ని మాత్రం బయటినుంచి తెచ్చుకుంటే దాన్ని నేను సూపర్‌గ్రూప్ అనను. దీని మీద గొడవ జరుగుతుందని తెలుసు. జరగనివ్వండి.

నా ఓటు ట్రావెలింగ్ విల్బరీస్‌కి. 1988లో జార్జ్ హారిసన్‌కి యూరప్‌లో విడుదల కావలసిన ఒక సింగిల్ వెనకవైపు వేయడానికి ఇంకో పాట కావలసి వచ్చింది. మొదలైంది అక్కడే. అప్పట్లో ఆయన ప్రొడ్యూసర్ జెఫ్ లిన్. లిన్ అదే సమయంలో రాయ్ ఆర్బిసన్‌తో కూడా పనిచేస్తున్నాడు కాబట్టి ఆర్బిసన్ వచ్చాడు. హారిసన్ గిటార్ టామ్ పెట్టీ ఇంట్లో ఉండిపోయింది, తెచ్చుకోవడానికి వెళ్తే పెట్టీ కూడా బయల్దేరాడు. రికార్డింగ్‌కి చోటు కోసం బాబ్ డిలన్‌కి ఫోన్ చేస్తే, మాలిబూలో తన గరాజ్‌లో ఉన్న స్టూడియో వాడుకోమన్నాడు. గరాజ్‌లో ఒక పెట్టె మీద అంటించిన హెచ్చరిక చీటీ నుంచి పాటకి పేరు దొరికింది. రికార్డ్ కంపెనీవాళ్లు విని, ఇంత మంచి పాటని వెనకవైపు పడేయడమేమిటి, ఆల్బమే చేయండి అన్నారు.

డిలన్ జూన్‌లో టూర్‌కి వెళ్లాలి. అందుకని మే నెలలో సుమారు పది రోజుల్లో పాటలన్నీ రాసి, బండి లాగించేశారు. ఐదుగురూ విల్బరీ అన్నదమ్ములమంటూ దొంగపేర్లు పెట్టుకున్నారు, అట్ట మీద అసలు పేర్లే వేయలేదు. అంత పేరున్నవాళ్లు ఆ పేరే పక్కన పెట్టేశారు చూడండి, నాకు నచ్చింది అదే. ఎవరూ ఎవరి మీదా పైచేయి కోసం చూడరు. ఆర్బిసన్ గొంతు వచ్చే చోట మిగతా నలుగురూ పక్కకి జరుగుతారు, అది పాటలో స్పష్టంగా వినిపిస్తుంది.

ఆల్బమ్ 1988 అక్టోబరులో వచ్చింది. డిసెంబరు 6న ఆర్బిసన్ గుండెపోటుతో పోయాడు, వయసు 52.

డబుల్‌కిక్:
షరతు బాగుంది కానీ దాని ప్రకారం క్రీమ్ కూడా ఎగిరిపోయేలా ఉంది గురూ. ముగ్గురిలో ఇద్దరు, జాక్ బ్రూస్, జింజర్ బేకర్, గ్రహం బాండ్ ఆర్గనైజేషన్ నుంచి వచ్చినవాళ్లే కదా. క్రీమ్ లేని సూపర్‌గ్రూపుల లిస్ట్ అంటే పెళ్లికొడుకు లేని పెళ్లి.

పాతక్యాసెట్:
@డబుల్‌కిక్ ముగ్గురు అన్నాను, ఇద్దరు అనలేదు. క్రీమ్ సేఫ్.

కోఠికుర్రాడు:
రూల్స్ రాసినాయన వకీలు సాబ్ అనుకుంటా 😄

లోఎండ్:
నేను బేస్ వాయిస్తాను కాబట్టి నా ఓటు మొహమాటం లేకుండా క్రీమ్‌కి. ఆ బ్యాండ్ పుట్టిన కథ తెలిస్తే అది రెండేళ్లు నిలవడమే వింత అనిపిస్తుంది.

బ్రూస్‌కి, బేకర్‌కి గ్రహం బాండ్ దగ్గర ఉన్నప్పుడే అస్సలు పడేది కాదు. స్టేజి మీదే కొట్టుకున్నారు. చివరికి బ్రూస్‌ని బ్యాండ్ నుంచి పంపించేసింది బేకరే. తర్వాత 1966లో బేకర్ కొత్త బ్యాండ్ పెడదామని ఎరిక్ క్లాప్టన్ దగ్గరికి వెళ్లాడు. క్లాప్టన్ అప్పుడు జాన్ మాయల్ బ్లూస్‌బ్రేకర్స్‌లో ఉన్నాడు. సరే గానీ బేస్ మాత్రం బ్రూసే వాయించాలి అన్నాడు. పాపం ఆయనకి వీళ్లిద్దరి గొడవ సంగతి పూర్తిగా తెలియదు. ఆ మాట విని కారు నడుపుతున్న బేకర్ ఇంచుమించు యాక్సిడెంట్ చేసేశాడని చెబుతారు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఇక్కడ మూడు. స్టూడియోలో మూడు నిమిషాల్లో ముగిసే పాట స్టేజి మీద పావుగంట నడిచేది, ఎందుకంటే ముగ్గురిలో ఎవరూ ముందు ఆపడానికి ఒప్పుకునేవాళ్లు కాదు. 1968లో వచ్చిన ‘వీల్స్ ఆఫ్ ఫైర్’ రెండు ఎల్‌పీల ఆల్బమ్. అందులో రెండో డిస్క్ మొత్తం లైవ్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ని వదిలేసి బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. బ్రూస్ డ్రమ్స్‌కి సాయంగా వాయించడు, గిటార్‌తో పోట్లాటకి దిగుతాడు. బేస్ అంటే వెనక నిలబడి అడుగులు లెక్కపెట్టుకునే పని కాదని నాకు అక్కడ తెలిసింది.

కాబట్టి పాతక్యాసెట్ గారూ, ‘పేరు పక్కన పెట్టడం’ అనే మీ సిద్ధాంతం నాకు కుదరదు. క్రీమ్‌లో ఒక్కరు కూడా ఒక్క అంగుళం తగ్గలేదు. ఆ బ్యాండ్‌కి ఆ సౌండ్ రావడానికి కారణం అదే.

డబుల్‌కిక్:
లోఎండ్ అన్నకి దండం. ఇంకోటి, 1968 నవంబరు 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీడ్కోలు కచేరీ ఇచ్చారు కదా, 2005 మే నెలలో మళ్లీ అదే హాల్లో నాలుగు రాత్రులు వాయించారు. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. వయసు మీద పడింది, వేగం తగ్గింది, కానీ బేకర్ చేతులు చూడండి. అదే ఏడాది అక్టోబరులో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించేసరికి పాత గొడవ మళ్లీ మొదలు. ముప్పై ఏడేళ్లయినా పాత బాకీ తీరలేదన్నమాట.

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
క్రీమ్ వింటే నాకు ఎగ్జామ్ హాల్లో ముగ్గురు టాపర్లు ఎడిషనల్ షీట్ల కోసం పోటీపడి అడుగుతున్నట్టు ఉంటుంది. గొప్పే, కాదనను. కానీ పావుగంట సోలో నా వల్ల కాదు.

నా ఓటు క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్‌కి. బర్డ్స్ నుంచి డేవిడ్ క్రాస్బీ, బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి స్టీఫెన్ స్టిల్స్, ఇంగ్లండ్ బ్యాండ్ హాలీస్ నుంచి గ్రహం నాష్. 1968లో లాస్ ఏంజెలెస్‌లోని లారెల్ కాన్యన్‌లో ఒక ఇంట్లో క్రాస్బీ, స్టిల్స్ పాడుతుంటే నాష్ విని, మళ్లీ పాడమని అడిగి, తర్వాత తనూ పైన మూడో గొంతు కలిపాడట. అంతే, బ్యాండ్ తయారు. సరదా ఏమిటంటే అది జోనీ మిచెల్ ఇల్లా, క్యాస్ ఎలియట్ ఇల్లా అన్నది ఆ ముగ్గురే ఎప్పటికీ తేల్చుకోలేకపోయారు.

1969లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద ముగ్గురూ ఒక పాత ఇంటి బయట సోఫాలో కూర్చుని ఉంటారు. ఫొటో తీసేటప్పటికి బ్యాండ్ పేరు ఖాయం కాలేదు. పేరు పెట్టుకున్నాక చూస్తే ఫొటోలో వరస తిరగబడి ఉంది, నాష్ మొదట, క్రాస్బీ చివర. మళ్లీ తీద్దామని వెళ్తే ఆ ఇల్లు పడగొట్టేశారు! అలాగే వేసేశారు.

సియాటిల్‌వాన:
@హెడ్‌ఫోన్స్‌పిల్ల ఆ కథలో ఇంకో ముక్క ఉంది. నాష్ అప్పటికి హాలీస్ తరఫున వేరే కంపెనీకి కట్టుబడి ఉన్నాడు. అట్లాంటిక్ రికార్డ్స్‌కి అతను కావాలి. బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ విడిపోయాక అందులోని రిచీ ఫ్యూరే పోకో అనే బ్యాండ్ పెట్టుకున్నాడు. అతని మీద హక్కు అట్లాంటిక్‌ది. ఆయన్ని అటు ఇచ్చి, నాష్‌ని ఇటు తెచ్చుకున్నారు. మన ఐపీఎల్‌లో ఆటగాళ్లని మార్చుకుంటారే, అలాంటిదే, కాకపోతే 1969లో.

కోఠికుర్రాడు:
ట్రేడ్ విండో 😂

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
😂 ఇది తెలియదు నాకు.

తర్వాత నీల్ యంగ్ చేరాడు కదా, ఆ నలుగురూ కలిసి చేసిన రెండో కచేరీయే వుడ్‌స్టాక్. రెండోది! లక్షల మంది ముందు. కానీ నిజం చెప్పాలంటే నాకు ముగ్గురే ఇష్టం. యంగ్ వచ్చాక పాటలు బరువెక్కాయి, హార్మనీ కొంచెం పల్చబడింది.

పాతక్యాసెట్:
అమ్మాయ్, అక్కడ ఆగు. 1970 మే 4న ఒహాయోలో కెంట్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ కాల్పులు జరిపి నలుగుర్ని చంపింది. యంగ్ పత్రికలో ఫొటోలు చూసి పాట రాశాడు, ఆ నెలలోనే నలుగురూ స్టూడియోలో కూర్చుని రికార్డ్ చేశారు, వచ్చే నెలకి అది రేడియోలో ఉంది. ముగ్గురే ఉండి ఉంటే ఆ పాట లేదు. హార్మనీ పల్చబడితే పడింది.

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
ఆ ఒక్క పాటకి ఒప్పుకుంటాను. ఓటు మాత్రం మార్చను.

సియాటిల్‌వాన:
నా పేరు చూసి నా ఓటు ఎటో ఊహించే ఉంటారు. టెంపుల్ ఆఫ్ ది డాగ్.

పైన చెప్పిన బ్యాండ్లన్నీ పేరొచ్చినవాళ్లు కలిసి పెట్టినవి. ఇది తిరకాసు. రికార్డ్ చేసినప్పుడు వీళ్లలో చాలామంది ఎవరో ఊరు దాటితే ఎవరికీ తెలియదు. 1990 మార్చిలో మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్ ఎక్కువై చనిపోయాడు, వయసు 24. మొదటి ఆల్బమ్ ఇంకా విడుదల కూడా కాలేదు. సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ ఒకప్పుడు అతనితో ఒకే ఇంట్లో ఉన్నవాడు. టూర్‌లో ఉండగా స్నేహితుడి కోసం పాటలు రాసుకున్నాడు. తిరిగి వచ్చి, మదర్ లవ్ బోన్‌లో మిగిలిన స్టోన్ గోసర్డ్, జెఫ్ అమెంట్‌లని పిలిచాడు. వాళ్లతో అప్పుడే కొత్త బ్యాండ్ పనిలో పడ్డ గిటారిస్ట్ మైక్ మెక్‌క్రీడీ వచ్చాడు. డ్రమ్స్ సౌండ్‌గార్డెన్ నుంచి మ్యాట్ కామెరాన్.

ఆ కొత్త బ్యాండ్‌కి పాడటానికి శాన్ డియేగో నుంచి ఒక కుర్రాడు వచ్చి ఉన్నాడు. ఎడ్డీ వెడ్డర్. ఒక పాట రిహార్సల్‌లో కార్నెల్ కింది స్థాయి, పై స్థాయి రెండూ ఒక్కడే పాడటానికి అవస్థ పడుతుంటే, మూలన ఉన్న వెడ్డర్ మైక్ దగ్గరికి వచ్చి కింది భాగం అందుకున్నాడు. కార్నెల్ అడ్డుకోలేదు, పాటని ఇద్దరిదీ చేసేశాడు. ఆ కొత్త బ్యాండే పర్ల్ జామ్ అయింది. ఆల్బమ్ 1991 ఏప్రిల్‌లో వస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది తిరిగేసరికి పర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్ రెండూ పేలాక కంపెనీకి మెలకువ వచ్చి మళ్లీ అమ్మింది, అప్పుడు లక్షల్లో పోయింది.

2016లో ఇరవై ఐదేళ్లు నిండాయని ఒకే ఒక్క చిన్న టూర్ చేశారు. 2017 మేలో కార్నెల్ పోయాడు. ఆ పాటలు ఒకరి కోసం రాసినవి. ఇప్పుడు వింటుంటే రాసినవాడు కూడా గుర్తొస్తాడు.

డబుల్‌కిక్:
కార్నెల్ పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను. ఆడియోస్లేవ్. ఇప్పుడు చెప్పండి పాతక్యాసెట్ గారూ, మీ షరతు ప్రకారం ఇది సూపర్‌గ్రూప్ కాదా? రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్ నుంచి ముగ్గురు, పాడేవాడు సౌండ్‌గార్డెన్ నుంచి.

పాతక్యాసెట్:
కాదు. రాసిందే దాన్ని దృష్టిలో పెట్టుకుని.

డబుల్‌కిక్:
అనుకున్నా!!

సరే నా వాదన వినండి. రేజ్‌లో పాడే జాక్ డి లా రోచా 2000లో వెళ్లిపోయాడు. ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ ‘కార్నెల్‌తో ఒకసారి కూర్చోండి’ అన్నాడు. కూర్చున్నారు. అదే ముగ్గురు, అదే గిటార్, అదే బేస్, అదే డ్రమ్స్. కానీ వచ్చిన సంగీతం రేజ్ లాగా ఉందా? లేదు. సౌండ్‌గార్డెన్ లాగా ఉందా? అదీ లేదు. టామ్ మొరెల్లో రేజ్‌లో ర్యాప్ వెనక స్విచ్చులు నొక్కి, తీగలు గీకి, టర్న్‌టేబుల్ లాంటి శబ్దాలు తీసేవాడు. ఇక్కడ వెనక పాట ఉంది, సాగే రాగం ఉంది, కాబట్టి అతను కూడా రాగం వాయించడం నేర్చుకోవలసి వచ్చింది. ఎంతమంది ఎక్కడినుంచి వచ్చారన్నది కాదు, వచ్చాక కొత్తగా ఏం పుట్టిందన్నది చూడాలి.

2005 మేలో క్యూబా హవానాలో బహిరంగంగా ఉచిత కచేరీ చేశారు, ఎవరికీ టికెట్ లేదు. ఆ వీడియోలో జనాన్ని చూస్తే చాలు. మూడు ఆల్బమ్‌లు చేసి 2007లో ముగించారు.

లోఎండ్:
మొరెల్లో సంగతి ఒప్పుకుంటాను. కానీ బేస్, డ్రమ్స్ మాత్రం రేజ్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. టిమ్ కామర్‌ఫర్డ్, బ్రాడ్ విల్క్ మారలేదు. కింద పునాది మారకుండా పైన గది మార్చారు.

సియాటిల్‌వాన:
కార్నెల్ రెండు సూపర్‌గ్రూపుల్లో ఉన్నాడు. షరతు కోసం అందులో ఒకదాన్ని తీసేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది.

కోఠికుర్రాడు:
వెల్వెట్ రివాల్వర్ కూడా పోతుంది మరి. గన్స్ అండ్ రోజెస్ నుంచి స్లాష్, డఫ్, మ్యాట్ సోరమ్ ముగ్గురు. స్టోన్ టెంపుల్ పైలట్స్ నుంచి స్కాట్ వైలండ్. డేవ్ కుష్నర్ అని ఇంకో గిటారిస్ట్ వేరే బ్యాండ్ నుంచి ఉన్నాడు, కానీ మూడో నంబర్ దాటిపోయింది.

మా గ్యాంగ్‌లో స్లాష్ అంటే దేవుడు. 2004లో ‘కాంట్రాబ్యాండ్’ వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పైరేట్ సీడీ కొన్నాం, అట్ట జిరాక్స్. విషయానికొస్తే, ఆ ఆల్బమ్ అమెరికాలో నేరుగా నంబర్ వన్‌లో దిగింది. తర్వాత రెండో ఆల్బమ్‌కే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. 2008లో వైలండ్ బయటికి. ఎవరికి వారే యమునా తీరే.

పాతక్యాసెట్:
ఐదుగురిలో ముగ్గురు అంటే... సరే, కుష్నర్‌ని చూసి వెల్వెట్ రివాల్వర్‌కి మినహాయింపు ఇస్తున్నాను. ఆడియోస్లేవ్‌కి మాత్రం లేదు.

డబుల్‌కిక్:
ఇది పక్షపాతం అధ్యక్షా 😤

గోదారిగట్టు:
ఆలస్యంగా వచ్చాను. ఇంతసేపు అందరూ ఇంగ్లండ్, అమెరికాల్లోనే తిరుగుతున్నారు, మన పాలకొల్లు దాకా ఒకసారి రండి.

లోఎండ్ గారు గ్రహం బాండ్ పేరు చెప్పారు కదా. 1963లో ఆ బ్యాండ్‌లో బ్రూస్, బేకర్‌లతో పాటు గిటార్ వాయించింది జాన్ మెక్‌లాఫ్లిన్. అంటే క్రీమ్ పుట్టిన పాదులోంచే ఈయన కూడా వచ్చాడు. తర్వాత అమెరికా వెళ్లి మైల్స్ డేవిస్‌తో వాయించాడు, మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టాడు. చెవులు చిల్లులు పడే ఎలక్ట్రిక్ రాక్, జాజ్ కలిపి. దాన్ని వదిలేసి అకూస్టిక్ గిటార్ పట్టుకుని ‘శక్తి’ మొదలుపెట్టాడు. తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్. హిందుస్తానీ, కర్ణాటక వాళ్లే కలిసి వాయించడం అరుదైన రోజుల్లో మధ్యలో ఒక ఇంగ్లిష్ గిటారిస్ట్.

అసలు విషయం ఇప్పుడు. 1997లో ‘రిమెంబర్ శక్తి’ అని మళ్లీ మొదలుపెట్టారు. కొన్నాళ్లకి అందులో చేరింది మాండొలిన్ యు. శ్రీనివాస్. పాలకొల్లులో 1969లో పుట్టినవాడు. నాన్నగారి మాండొలిన్ చిన్నప్పుడే చేతిలోకి తీసుకుని, జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించినవాడు. మెక్‌లాఫ్లిన్ ఒక వరస వేయడం, శ్రీనివాస్ దాన్ని అందుకుని ఇంకాస్త మెలిపెట్టి తిరిగి ఇవ్వడం, ఇద్దరూ నవ్వుకోవడం... ఆ కచేరీల వీడియోల్లో చూడండి. 2014 సెప్టెంబరులో 45 ఏళ్లకే పోయాడు.

నా ఓటు దీనికే. ఇది రాక్ కాదని ఎవరైనా అంటే అనండి.

డబుల్‌కిక్:
రాక్ కాదు. (కానీ ఓటు చెల్లుతుంది.)

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
రాక్ అవునో కాదో గానీ ఇప్పుడే ఒక వీడియో పెట్టి చూస్తున్నా. శ్రీనివాస్ గారు వాయిస్తూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు 🥹

పాతక్యాసెట్:
గోదారిగట్టు గారూ, ఇక్కడ అడ్డు చెప్పే ధైర్యం నాకు లేదు. కంజీరకి వినాయక్‌రామ్ గారి అబ్బాయి సెల్వగణేశ్, గాత్రానికి శంకర్ మహదేవన్ కూడా తర్వాత వచ్చారు. 2023లో ‘దిస్ మొమెంట్’ అనే ఆల్బమ్ చేస్తే 2024లో గ్రామీ వచ్చింది. జాకిర్ హుస్సేన్ ఆ ఏడాది డిసెంబరులోనే కన్నుమూశారు.

కోఠికుర్రాడు:
మన దేశం లింక్ అంటే సూపర్‌హెవీ మర్చిపోయారా? 2011. మిక్ జాగర్, యూరిథ్మిక్స్ డేవ్ స్టీవార్ట్, జాస్ స్టోన్, డేమియన్ మార్లీ, మన ఏ.ఆర్. రెహమాన్. కాగితం మీద చూస్తే ప్రపంచ కప్ టీమ్.

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
కాగితం మీద మాత్రమే. ‘సత్యమేవ జయతే’ అని ఒక పాట ఉంది అందులో, మిక్ జాగర్ సంస్కృతం పాడతాడు. వినాలి ఒకసారి. ఒకసారి చాలు.

లోఎండ్:
అక్కడ లోపం సంగీతంలో కాదు. ఐదుగురు ఐదు రకాల పాటలు పట్టుకొచ్చి పక్కపక్కన పెట్టారు, కలపలేదు. ఒకే గదిలో నెలల తరబడి కలిసి వాయిస్తేనే బ్యాండ్ అవుతుంది. సూపర్‌హెవీ ఒక్క ఆల్బమ్‌తో సరి, టూర్ కూడా లేదు.

పాతక్యాసెట్:
విల్బరీస్ కూడా ఒక్క కచేరీ చేయలేదు, లోఎండ్ గారూ. గదిలో ఉన్నది పది రోజులే.

లోఎండ్:
విల్బరీస్‌లో లిన్, హారిసన్, పెట్టీ అప్పటికే ఒకరి రికార్డుల్లో ఒకరు తిరుగుతున్నారు. పది రోజుల ముందు పరిచయం కూడా లెక్కలో వేయండి.

సియాటిల్‌వాన:
బ్లైండ్ ఫెయిత్ గురించి ఎవరూ మాట్లాడటం లేదేం? నాకు సగం ఇష్టం, సగం కోపం.

పాతక్యాసెట్:
మాట్లాడదాం. నాకు పూర్తిగా ఇష్టం, అందుకే బాధ.

క్రీమ్ అయిపోయాక క్లాప్టన్ విసిగిపోయి ఉన్నాడు. ట్రాఫిక్ నుంచి బయటికి వచ్చిన స్టీవ్ విన్‌వుడ్ ఒక పల్లెలో కాటేజీ తీసుకుని ఉన్నాడు. ఇద్దరూ ఊరికే వాయించుకుంటున్నారు. ఏ ప్లానూ లేదు. అక్కడికి పిలవకుండా వచ్చి డ్రమ్స్ దగ్గర కూర్చున్నది ఎవరు? బేకర్! క్లాప్టన్‌కి అది ఇష్టం లేదు, మళ్లీ క్రీమ్ లాగా అవుతుందని భయం. విన్‌వుడ్‌కి డ్రమ్మర్ నచ్చాడు. ఫ్యామిలీ అనే బ్యాండ్ నుంచి రిక్ గ్రెచ్ బేస్‌కి వచ్చాడు. వాళ్ల మొదటి కచేరీ 1969 జూన్ 7న, లండన్ హైడ్ పార్క్‌లో, దాదాపు లక్ష మంది ముందు. రిహార్సల్ సరిగా లేదు, చేతిలో పాటలు చాలినన్ని లేవు. వెంటనే అమెరికా టూర్‌కి తోసేశారు. అక్కడ జనం అడిగింది క్రీమ్ పాటలు, ట్రాఫిక్ పాటలు. వీళ్లవి కాదు.

ఆగస్టులో ఆల్బమ్ వచ్చి ఇంగ్లండ్, అమెరికా రెండు చోట్లా నంబర్ వన్. అదే నెలలో టూర్ ముగిసింది, బ్యాండూ ముగిసింది. క్లాప్టన్ అప్పటికే టూర్‌లో వీళ్లకంటే ముందు వాయించే డెలనీ అండ్ బానీ బ్యాండ్ బస్సులోకి మారిపోయాడు. ఆరు పాటలు. వాటిలో విన్‌వుడ్ గొంతుతో, అకూస్టిక్ గిటార్‌తో ఉన్న చిన్న పాట ఒక్కటి చాలు నాకు. ఆ నలుగుర్ని ఇంకో ఆరు నెలలు ఆ కాటేజీలోనే వదిలేసి ఉంటే ఏమయ్యేదో!

సియాటిల్‌వాన:
నా కోపం ఆరో పాట మీద. పదిహేను నిమిషాలు, సగం పైగా సోలోలే. ఐదు పాటలకే సరుకు అయిపోయి, మిగతా చోటు డ్రమ్స్‌తో నింపారు.

డబుల్‌కిక్:
డ్రమ్స్‌ని ఏమన్నా అంటే ఊరుకోను.

లోఎండ్:
ఇంతసేపు ఎవరూ గమనించని ఇంకో సంగతి. డెబ్బైల్లో సూపర్‌గ్రూపులకి మనుషుల్ని సరఫరా చేసిన నర్సరీ ఒకటుంది: కింగ్ క్రిమ్సన్. రాబర్ట్ ఫ్రిప్ తప్ప ఎవరూ అక్కడ ఎక్కువకాలం నిలవలేదు. గ్రెగ్ లేక్ వెళ్లి కీత్ ఎమర్సన్, కార్ల్ పామర్‌లతో ఈఎల్‌పీ పెట్టాడు. ఇయాన్ మెక్‌డొనాల్డ్ ఫారినర్‌కి వెళ్లాడు. జాన్ వెటన్ యూకే అనే బ్యాండ్‌కి, తర్వాత ఏషియా అనే బ్యాండ్‌కి. బాజ్ బరెల్ కథ ఇంకా బాగుంటుంది. అతన్ని పాడటానికి తీసుకున్నారు, బేసిస్ట్ దొరక్కపోతే ఫ్రిప్ కూర్చోబెట్టి బేస్ నేర్పాడు. ఆ నేర్చుకున్న బేస్‌తోనే అతను 1973లో బ్యాడ్ కంపెనీలో చేరాడు. ఫ్రీ నుంచి పాల్ రాడ్జర్స్, సైమన్ కర్క్, మాట్ ది హూపుల్ నుంచి మిక్ రాల్ఫ్స్. మొదటి ఆల్బమే అమెరికాలో నంబర్ వన్. క్రిమ్సన్‌లో లెక్కలు కట్టుకుని వాయించినవాడు ఇక్కడికి వచ్చి ఎంత తక్కువ వాయించాలో అంతే వాయిస్తాడు. బ్యాడ్ కంపెనీ నా రెండో ఓటు, రెండో ఓటు ఉంటే.

డబుల్‌కిక్:
ఏషియా అన్నారు కాబట్టి... ప్రోగ్ (ప్రోగ్రెసివ్ రాక్) అభిమానిగా నాకు అది మింగుడుపడదు. యెస్ నుంచి స్టీవ్ హౌ, ఈఎల్‌పీ నుంచి పామర్, క్రిమ్సన్ నుంచి వెటన్, బగుల్స్ నుంచి జెఫ్ డౌన్స్. వీళ్లు కలిస్తే ఇరవై నిమిషాల పాట వస్తుందనుకున్నాం. వచ్చింది రేడియో పాట. 1982లో బిల్‌బోర్డ్‌లో తొమ్మిది వారాలు నంబర్ వన్, అమెరికాలో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్. ప్రోగ్ వాళ్ల ఇంట్లో పాప్ పిల్లాడు పుట్టాడు.

ప్రోగ్‌లో సూపర్‌గ్రూప్ అంటే లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్. ఇంజనీరింగ్ హాస్టల్‌లో డ్రీమ్ థియేటర్ వినని మెటల్ కుర్రాడు ఉండడు, వాళ్లందరికీ ఇది తెలుసు. 1998. డ్రీమ్ థియేటర్ నుంచి మైక్ పోర్ట్‌నాయ్, జాన్ పెట్రూచీ, కీబోర్డ్స్ జోర్డన్ రూడెస్, బేస్ టోనీ లెవిన్. ఆ రికార్డింగ్‌లో రూడెస్‌ని చూసి మరుసటి ఏడాది డ్రీమ్ థియేటర్‌లోకే లాగేసుకున్నారు. పక్క ప్రాజెక్ట్ వెళ్లి అసలు బ్యాండ్‌ని మార్చేసింది.

కోఠికుర్రాడు:
టోనీ లెవిన్ కూడా కింగ్ క్రిమ్సనే కద అన్నా 👀

లోఎండ్:
చూశారా. ఎటు వెళ్లినా ఫ్రిప్ ఇంటి ముందు నుంచే దారి.

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
ఈ మొత్తం చర్చలో ఒక్క ఆడపిల్ల ఉన్న బ్యాండ్ సూపర్‌హెవీ, దాన్నీ తిట్టేశాం. బాయ్‌జీనియస్ గురించి చెప్పనివ్వండి. జూలియన్ బేకర్, ఫీబీ బ్రిడ్జర్స్, లూసీ డేకస్. ముగ్గురూ సోలోగా పాడేవాళ్లే, బ్యాండ్ల నుంచి వచ్చినవాళ్లు కాదు కాబట్టి పాతక్యాసెట్ గారి కోర్టులో చెల్లదేమో. 2018లో ముగ్గురికీ కలిపి ఒక టూర్ కుదిరింది. టూర్‌కి ఒక పాట చేద్దామని కూర్చుంటే ఆరు పాటల ఈపీ అయింది. దాని అట్ట మీద ముగ్గురూ ఎలా కూర్చున్నారో చూడండి: క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ సోఫా ఫొటోకి కాపీ! 2023లో పూర్తి ఆల్బమ్, మరుసటి ఏడాది మూడు గ్రామీలు, అది కూడా రాక్ విభాగాల్లో రెండు. తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లారు, కొట్టుకోకుండా.

డబుల్‌కిక్:
కొట్టుకోలేదంటే సూపర్‌గ్రూప్ కాదు.

పాతక్యాసెట్:
@హెడ్‌ఫోన్స్‌పిల్ల చెల్లుతుంది. విల్బరీస్‌లో డిలన్, ఆర్బిసన్ కూడా సోలోనే కదా. మీ ఓటు రెండుగా విడగొట్టమంటారా?

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
వద్దు, క్రాస్బీ-స్టిల్స్-నాష్‌కే ఉంచండి. ఇది ఊరికే వినమని.

కోఠికుర్రాడు:
నా ఓటు వేయలేదు ఇంకా. దెమ్ క్రూకెడ్ వల్చర్స్. నిర్వాణా, ఫూ ఫైటర్స్ డేవ్ గ్రోల్ మళ్లీ డ్రమ్స్ మీదికి. క్వీన్స్ ఆఫ్ ది స్టోన్ ఏజ్ జాష్ హోమ్ గిటార్, గొంతు. బేస్ లెడ్ జెపెలిన్ జాన్ పాల్ జోన్స్, అప్పటికి 63 ఏళ్లు. గ్రోల్ 40వ పుట్టినరోజు పార్టీలో జోన్స్‌ని, హోమ్‌ని పరిచయం చేశాడు. కత్తులు, గుర్రాలు, రాజుల వేషాలు ఉండే ఒక రెస్టారెంట్‌లో ఆ పార్టీ. అదే ఏడాది, 2009 నవంబరులో ఆల్బమ్ వచ్చింది. ఒక్కటే. రెండోది ఇప్పటికీ రాలేదు.

లోఎండ్:
జోన్స్ ఉన్నాడంటే నేను కాదనలేను. ఆ ఆల్బమ్‌లో పాట మధ్యలో ఉన్నట్టుండి రిఫ్ మారినప్పుడల్లా బేస్ ముందు తిరుగుతుంది, మిగతా ఇద్దరూ వెనక వస్తారు. 2022లో ఫూ ఫైటర్స్ డ్రమ్మర్ టేలర్ హాకిన్స్ పోయాక, ఆయన కోసం లండన్ వెంబ్లీలో చేసిన కచేరీలో ముగ్గురూ మళ్లీ కలిసి వాయించారు.

పాతక్యాసెట్:
ఇప్పటికి లెక్క: విల్బరీస్ ఒకటి, క్రీమ్ ఒకటి, క్రాస్బీ-స్టిల్స్-నాష్ ఒకటి, టెంపుల్ ఆఫ్ ది డాగ్ ఒకటి, శక్తి ఒకటి, వల్చర్స్ ఒకటి. డబుల్‌కిక్ గారి ఓటు ఆడియోస్లేవ్‌కి అయితే చెల్లదు, లిక్విడ్ టెన్షన్‌కి అయితే చెల్లుతుంది. ఏదో ఒకటి చెప్పండి.

డబుల్‌కిక్:
ఆడియోస్లేవ్. చెల్లకపోయినా సరే.

గోదారిగట్టు:
శక్తి మొదటిసారి వినేవాళ్లు 1975లో అమెరికాలో సౌత్‌హ్యాంప్టన్ కాలేజీలో తీసిన లైవ్ రికార్డుతో మొదలుపెట్టండి, మొదటి పాట పద్దెనిమిది నిమిషాలు. శ్రీనివాస్ కోసం అయితే రిమెంబర్ శక్తి లైవ్ ఆల్బమ్‌లు. హెడ్‌ఫోన్స్‌పిల్ల గారూ, పావుగంట సోలో మీ వల్ల కాదన్నారు, ఇక్కడ ఒకసారి ప్రయత్నించి చెప్పండి.

హెడ్‌ఫోన్స్‌పిల్ల:
పదకొండో నిమిషంలో ఉన్నాను. ఇంకా తీసేయలేదు.